కాలవ ఎదురు పారిన మధ్యాహ్నం

సన్నీబ్యాంక్, బ్రిస్బేన్
16 జనవరి 2000, ఆదివారం

అమ్మకి ఫరీదా సలాములు.

ఇక్కడ మేం ముగ్గురం అల్లా దయవల్ల క్షేమంగానే ఉన్నాం. బందర్లో నువ్వూ, బహదూర్ మామయ్యా, అత్తయ్యా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఈ మాటలు రాయడానికి మామూలుగా ఆలోచించే పనే ఉండదు, చెయ్యే రాసేస్తుంది. ఈసారి మాత్రం 'క్షేమం' దగ్గర కలం కాసేపు ఆగింది. కంగారుపడకు, ఎవరికీ జ్వరాలూ నొప్పులూ లేవు. ఒక్క మాట. ఈ ఉత్తరం మామయ్యతో చదివించుకోకు. కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువుకో. అన్నం తినకముందే చదువు. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. శేషుకుమారి ఆంటీతో పంపిన గోంగూర పచ్చడి చేరింది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు సీసా మూత తీసి వాసన చూసి, ఆవిడ ముఖం కేసి చూసి, గబుక్కున మూత పెట్టేశాడట. నువ్వు కుట్టి పంపిన పండగ గౌను ఇఫ్రాకి అతికినట్టు సరిపోయింది. నీ మనవరాలికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో పారేస్తుంది. ఫోన్లో నీతో మాట్లాడమంటే ముంగిలా నిలబడేది అందుకే, నీ మీద ప్రేమ లేక కాదు.

జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయనీ, విమానాలు రాలిపోతాయనీ మామయ్య పేపర్లో చదివి నిన్ను హడలగొట్టాడని రాశావు. ఏమీ కాలేదు. నీ అల్లుడు బాసిత్ డిసెంబరంతా బ్యాంకువాళ్ళ కంప్యూటర్ల పక్కన కాపలా కూర్చున్నాడు. కొత్త సంవత్సరం వచ్చింది, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఫ్రిజ్జు గుర్రుమంటూనే ఉంది. "ఒక్కటన్న ఆగుంటే మా ఇజ్జత్ దక్కేది" అని తెగ బాధపడ్డాడు. ఉద్యోగం పోతుందేమోనని నువ్వు పడ్డ భయం కూడా తీరిపోయింది. అదే బ్యాంకులో వేరే పని అప్పచెప్పారు.

ఇంక నీ అసలు ప్రశ్న. ఆగస్టు నుంచీ నాలుగు ముక్కలు గీకి పంపుతున్నావు, నామీద కోపమా అని అడిగావు. కోపం కాదమ్మా. పెద్ద ఉత్తరం రాస్తే అందులో ఒక మాట జారిపోతుందని భయం. ఇవాళ దాన్ని జారనిద్దామనే కూర్చున్నాను. బాసిత్ ఇఫ్రాని పార్కుకి తీసుకెళ్ళాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

నాది వానలు లెక్కపెట్టే ఉద్యోగమని నువ్వు వీధిలో చెప్తున్నావట. పెద్ద తప్పేం కాదులే. తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఎంత దూరం లోపలికి వస్తుందో, ఏ రోడ్డు ముందు మునుగుతుందో ముందే చెప్పగలిగే ప్రోగ్రాం ఒకటి తయారుచేయాలని ఇక్కడ యూనివర్సిటీవాళ్ళూ, గవర్నమెంటు వాతావరణ ఆఫీసువాళ్ళూ కలిశారు. పాత రికార్డులు గవర్నమెంటువి, కంప్యూటర్లు యూనివర్సిటీవి, తగువులు ఇద్దరివీ. యూనివర్సిటీ వైపు మా ప్రొఫెసరు మార్గరెట్. ఆవిడకి పరిశోధన తొందరగా అచ్చులో కనిపించాలి. గవర్నమెంటు వైపు కాలిన్ అనే పెద్దాయన. ప్రతి అంకెనీ రెండుసార్లు చూస్తే గాని ఆయన సంతకం పెట్టడు. మధ్యలో నేను. రికార్డుల్లో ఉన్న తేదీలు రెండువేల సంవత్సరానికి తప్పులు పోకుండా సరిచేయడం, ఆ తుఫాన్లని ప్రోగ్రాంలో మళ్ళీ నడిపించి చూడటం నా వంతు.

ప్రోగ్రాం సరిగ్గా చెప్తోందో లేదో తెలియాలంటే, నిజంగా వచ్చిపోయిన తుఫాను మీద పరీక్ష పెట్టాలి. ఆగస్టులో మార్గరెట్ నా బల్ల దగ్గరికొచ్చి, "ఫరీదా, నీది ఇండియాలో ఆ తీరమే కదా, ఇది నీకు తేలిగ్గా ఉంటుంది" అని ఒకటి ఇచ్చి వెళ్ళింది. డెబ్భై ఏడు నవంబరు. మన ఉప్పెన.

ఆవిడకి ఏమీ తెలియదు. నేనూ చెప్పలేదు. ఏమని చెప్పను?

కంప్యూటర్ తెర మీద మన దివి అంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. పొడినేల ఇసుకరంగు, నీళ్ళొస్తే నీలం. మన ఊరు, మసీదు, నాన్న పరుపులు కుట్టిన పాక, కాలవగట్టు, అన్నీ కలిపి ఒకే ఒక్క గడి. అక్కణ్ణుంచి అవనిగడ్డ రోడ్డు పైకి పోతుంది. ప్రోగ్రాం నొక్కితే ఆ రోజు మళ్ళీ పొద్దున్నుంచి మొదలవుతుంది. గాలి తిరుగుతుంది, సముద్రం అంచు మెల్లిగా నీలం ఎక్కుతుంది. మొదటిసారి నడిపినప్పుడు నీలం మన గడి పక్కదాకా వచ్చింది. నా వేలు దానంతటదే ఆపేసింది.

అలా ఆపితే అమ్మా, తెర మీద అది ఇంకా మధ్యాహ్నమే. మన ఊరు ఇంకా పొడిగానే ఉంది. నాన్న సైకిలుకి మూట కడుతూనే ఉన్నాడు. మస్తానన్న వాకిట్లో నిలబడి "తొందరగా మింగవే" అని నన్ను కసురుతూనే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ నడిపాను, మళ్ళీ అక్కడే ఆపాను. తర్వాత రోజూ అదే వరస. చేయాల్సిన పని పక్కన పెట్టి, వాళ్ళు బతికున్న ఆ కాస్త భాగం చూసుకోవడానికి ఆఫీసుకి వెళ్ళినట్టయింది. ఒకరోజు కాలిన్ వెనక నిలబడి చూసి, "నీ తుఫాను ఎన్నాళ్ళైనా తీరం దాటదేమిటి?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు.

మనిద్దరం ఆ రోజు గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు కదా. నాకు గుర్తున్నది రాస్తాను, తప్పుంటే దిద్దు. నాన్న టీకొట్టు రేడియోలో విని పరిగెత్తుకొచ్చాడు. అవనిగడ్డలో పెద్దమ్మ వాళ్ళింటికి పోదాం, లేవండన్నాడు. నేను గడప దగ్గర కంచం పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు అన్నావు, "ఉండండి, పిల్ల తింటోంది. మీరిద్దరూ ముందు నడవండి, వెనకే వస్తాం." నాన్నా, మస్తానన్నా వెళ్ళారు. నేను తినడం అయ్యేసరికి బయట నిలబడలేని గాలి. ఆ తర్వాత నీళ్ళు. తుమ్మచెట్టు కొమ్మల్లో నన్ను నీ కొంగుతో కట్టేసుకున్నావు. ఆ ముళ్ళ మచ్చలు నీ చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి.

నాన్నా, అన్నా దొరకలేదు. సైకిలు దొరికింది, అవనిగడ్డ రోడ్డు కాలవని దాటే తూము దగ్గర, ముందు చక్రం మన ఊరి వైపు తిరిగి. అది చూసి అందరూ ఒకటే మాట. "అవనిగడ్డ చేరాడు. మీరు రాలేదని మీకోసం వెనక్కి తిరిగాడు." పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ మాట నీ ఒళ్ళో పెట్టి వెళ్ళారు. వాళ్ళ మీద నాకు ఇవాళ్టికీ కోపమే.

అప్పట్నుంచి నువ్వు కంచం పూర్తిగా తినగా నేను చూడలేదు. చివరి ముద్ద వదిలేసి లేచిపోతావు. వీధిలో ఎవరైనా "పోదామా" అంటే చాలు, నోట్లో ముద్దతోనే చెయ్యి కడిగేస్తావు. నా పెళ్ళి విందులో కారు వచ్చిందనగానే నా ముందు పళ్ళెం లాగేశావు, గుర్తుందా? మామయ్య ఎగతాళి చేస్తాడు. నేనూ చేశాను. ఇఫ్రా పుట్టాక గాని, నాకూ అదే జబ్బుందని తెలియలేదు. బయట హారన్ మోగితే చాలు, ఆ పిల్ల ముందున్న కంచం నా చేతిలోకి వచ్చేస్తుంది. "ఏంది ఫరీదా, పోరి తింటుంటే ప్లేట్ గుంజుకుంటవేంది?" అని బాసిత్ ఎన్నోసార్లు అన్నాడు. జూన్‌లో కిండీ అనే చిన్నపిల్లల బడిలో టీచరు పిలిచి, మీ అమ్మాయి లంచ్ బాక్సు సగంలోనే మూసేసి బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడుతోంది, ఇంట్లో ఏమైనా భయపెడుతున్నారా అని అడిగింది. ఉప్పెన చూడని పిల్లమ్మా అది. సముద్రం అంటే దానికి ఇసుకా, ఐస్‌క్రీమూను. దానికీ అంటించేశాను.

ఇప్పుడు నేను దాచినది చెప్తాను. ఆ ప్రోగ్రాంలో నేను ఆపిన చోటుదాకా అవనిగడ్డ రోడ్డు పొడిగానే ఉంది. ప్రతిసారీ. నీళ్ళు సముద్రం వైపు నుంచి మన ఊరి మీదికే ముందు వస్తున్నాయి, రోడ్డు మీదికి రావడం ఆ తర్వాతే. అంటే మధ్యాహ్నం బయల్దేరిన మనిషికి అవనిగడ్డ చేరడానికి కావలసినంత వ్యవధి ఉంది. చేరే ఉండాలి. చేరినవాడు నీళ్ళపాలయ్యాడంటే తిరిగి వచ్చాడనే కదా. ఊరంతా అన్న మాటే కంప్యూటరూ అంటోంది. అది నీకు ఎలా రాయను? రాయకుండా "మేం క్షేమం, మీరు క్షేమమా" అని నాలుగు ముక్కలే ఎన్నిసార్లు రాయను? ఆ కంచం ముందు కూర్చున్నది నేనే కదా అమ్మా. నేను ఇంకాస్త గబగబా తినుంటే అన్న ఆలోచన నాకు మాత్రం లేదనుకున్నావా?

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ నుంచి నది మీద ఫెర్రీ పడవలో వస్తున్నాను. ఒరిస్సా తుఫాను బొమ్మలు టీవీలో చూసి మనసు మనసులో లేదు. ఇక్కడ ఆ రోజుల్లో జకరాండా అని ఊదారంగు పూలచెట్లు విరగబూస్తాయి. రాలిన పూలు నది నిండా తేలుతున్నాయి. ఊరికే చూస్తున్నాను. కాసేపటికి తెలిసింది, అవి సముద్రం వైపు పోవట్లేదు. వెనక్కి, ఊరి లోపలికి పోతున్నాయి. తాళ్ళు కట్టే కుర్రాణ్ణి ఇదేమిటని అడిగితే, "పోటు లోపలికొస్తోంది, అంతే" అన్నాడు.

అంతే. ఫెర్రీలో నిలబడ్డ చోటే మన ఊరి కాలవ కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు అన్నం ఎందుకంత నెమ్మదిగా తిన్నావని నువ్వు నన్నెప్పుడూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. గడప ఎదురుగా మురుక్కాలవలో గుర్రపుడెక్క తేలుతోంది. రోజూ సముద్రం వైపు పోయేది ఆ రోజు ఎదురు వస్తోంది. పెద్దపెద్ద గుంపులు, ఊదాపూలతో సహా, అవనిగడ్డ వైపుకి ఎగబాకుతున్నట్టు పోతున్నాయి. ఎప్పుడూ చూడని వింత. ఒక గుంపు దాటాక ఒక ముద్ద, ఇంకో గుంపు దాటాక ఇంకో ముద్ద. అదీ నేను ఆలస్యంగా తినడానికి కారణం.

మర్నాడు మార్గరెట్‌కీ కాలిన్‌కీ మొత్తం చెప్పేశాను. నేను ఆ గడిలో ఉన్నాననీ, నా వయసు ఆరనీ, ఆ మధ్యాహ్నం కాలవ ఎదురు పారిందనీ. మన ప్రోగ్రాంలో మాత్రం ఆ వేళకి సముద్రం వెనక్కి తీస్తోంది, కాలవ సముద్రంలోకి పోతోంది, రెండూ ఎలా నిజమవుతాయనీ అడిగాను. మార్గరెట్ నా చెయ్యి పట్టుకుంది గాని, "ఆరేళ్ళ పిల్ల జ్ఞాపకం డేటా అవదు ఫరీదా" అంది. ఆవిడ పరిశోధన అచ్చుకి వెళ్ళే వేళ. కాలిన్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "అవదు. కానీ ఒకసారి గడియారం చూడమని చెప్పడానికి చాలు" అన్నాడు.

గడియారమే తప్పమ్మా. తుఫాను టైము సరిగ్గానే ఉంది. పోటు టైము మాత్రం మన ఇండియా లెక్కలో ఉన్నదాన్ని, ఎప్పుడో ఈ ప్రాజెక్టులో టైపు చేసి వెళ్ళిపోయిన మనిషి లండన్ లెక్క అనుకుని ఎక్కించేశాడు. రెంటికీ ఐదున్నర గంటల తేడా. నిండు పోటు మీద ఉండాల్సిన సముద్రం మా కంప్యూటర్లో ఆటు మీద ఉంది. అది నేను కావాలని కోరుకుని పట్టుకున్న తప్పేమోనని నన్ను నేనే నమ్మలేదు. అందుకే నన్ను దాన్ని ముట్టుకోనివ్వద్దన్నాను. కాలిన్ తన ఆఫీసులో వేరేగా సరిచూసి, తనే దిద్ది, సంతకం పెట్టాడు. రంజాన్ మొదలైన వారంలో ముగ్గురం కూర్చుని మళ్ళీ నడిపించాం. ఈసారి ఆపకూడదని కాలిన్ నాకు ముందే చెప్పాడు.

పోటు కాలవలోకి ఎదురు తన్నింది. మన ఊరి గడి ఇసుకరంగులోనే ఉంది, రోడ్డు మీద తూము ఉన్న గడి నీలం అయిపోయింది. మధ్యాహ్నమే. మనకంటే ఎంతో ముందే. ఆ పల్లం నీకు తెలుసు, మామూలు వానకే మోకాలి లోతు నిలిచేది. తర్వాత చాలాసేపటికి సముద్రం మన ఊరి మీదికి వచ్చింది. నేను ఆపలేదు. మన గడి నీలం అవుతుంటే నోట్లోనే ఫాతిహా చదువుకున్నాను. వాళ్ళిద్దరికీ సమాధి లేదు కదా, ఎక్కడ నిలబడి చదవాలో ఇన్నేళ్ళూ మనకి తెలియలేదు. కాలిన్ లేచి నిలబడ్డాడు. మార్గరెట్ కూడా నిలబడింది.

అమ్మా, నాన్న అవనిగడ్డ చేరలేదు. తూము దాటి ఉండడు. మనం రాలేదని అక్కణ్ణుంచి తిరిగి రాలేదు. చేరనివాడు ఎలా తిరిగొస్తాడు? నేను రెండు ముద్దల్లో తినేసినా, అసలు తినకపోయినా, నలుగురం కలిసి ఆ తూము దగ్గరికే నడిచేవాళ్ళం. అక్కడ తుమ్మచెట్టు కూడా లేదు.

ఈ గళ్ళు పెద్దవి, ఇందులో సైకిలు మీద మనిషి కనిపించడు, నీళ్ళు వచ్చిన వరస మాత్రమే కనిపిస్తుంది అని కాలిన్ నాకు గట్టిగా చెప్పాడు. నీకూ చెప్పమన్నాడు. అందుకే చక్రం ఎందుకు మన వైపు తిరిగిందో నేను చెప్పలేను. నీళ్ళే తిప్పాయేమో.

ఇది తెలిసి నెల దాటింది. వెంటనే ఎందుకు రాయలేదంటే, ఆయన మనకోసం వెనక్కి తిరిగాడన్న మాట నిన్ను ఎంత తినేసిందో, నిన్ను అంత నిలబెట్టింది కూడా. అంత ప్రేమగల మనిషని దాన్ని పట్టుకునే బతికావు. బరువు దించుతున్నానని చెప్పి దాన్ని కూడా లాగేసుకుంటానేమోనని భయపడ్డాను. తర్వాత ఒకటి తోచింది. తూము దగ్గర నీళ్ళు చూసి ఆయన వెనక్కి తిరిగే ఉంటాడు, దారి లేదు కనక. ఇంటి వైపే తిరిగి ఉంటాడు, మనం అక్కడ ఉన్నాం కనక. అది మాత్రం నేను తీసుకోను. అది నీ దగ్గరే ఉంచుకో.

తెర మీద ఆ మధ్యాహ్నం నన్ను వదిలిందనుకోకు. కళ్ళు మూసుకుంటే గుర్రపుడెక్క ఎదురు పోతూనే ఉంటుంది, అన్న కసురుతూనే ఉంటాడు. వాళ్ళని అక్కడ ఆపి ఉంచలేకపోయానన్న బాధ కూడా ఉంది. నవ్వకు. కంప్యూటర్ ఆపితే మనుషులు ఆగరని నాకూ తెలుసు.

నిన్న శనివారం తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాల్సి ఉంది. ఇఫ్రాకి ముందే కాస్త పప్పన్నం పెట్టాను. బాసిత్ కారు తీసి హారన్ కొట్టాడు. నా చెయ్యి అలవాటు ప్రకారం కంచం మీదికి పోయింది. ఇఫ్రా తలెత్తి నాకేసి చూసి, "మమ్మీ, ఐయామ్ స్టిల్ ఈటింగ్" అంది. చిన్న గొంతుతో, అడుక్కుంటున్నట్టు. కిటికీలోంచి తల బయటపెట్టి బాసిత్‌తో అన్నాను: "ఉండండి, పిల్ల తింటోంది."

నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. అచ్చం నీ గొంతే వచ్చింది. బాసిత్ ఇంజను ఆపి లోపలికొచ్చి కూర్చున్నాడు. నీ మనవరాలు తాపీగా, ఒక్కో మెతుకూ ఏరుకుని తింది. అంతసేపూ నేను దాని పక్కన నిలబడి ఏడ్చాను. ఏమీ మునగలేదమ్మా.

ఇప్పుడు లేచి అన్నం పెట్టుకో. వీధిలో ఎవరు పిలిచినా పలకకు. మామయ్య తొందరపెడితే ఉండమను. చివరి ముద్ద కూడా తిను. ఆ రోజు నువ్వు నన్ను పూర్తిగా తిననిచ్చావు కాబట్టే ఇవాళ ఈ ఉత్తరం రాయడానికి నేను మిగిలాను.

ఇట్లు,
గడప దగ్గర నిన్ను అంతసేపు కూర్చోబెట్టిన
నీ బిడ్డ ఫరీదా